కర్ణం అంటే చెవేనట

ఈ మధ్య చదవడానికి ఏమీ దొరక్క మనవరాలి లెక్కల పుస్తకం చదువుతున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకి అంతకంటే మంచి పుస్తకం లేదు. అక్షరం పెద్దది, వాక్యం చిన్నది, పేజీకో బొమ్మ. ఇప్పటి బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీ తెలుగు. రెండిట్లోనూ ఉండేది ఒకటే. మా పిల్ల ఇంగ్లీషు పేజీ మీదే గీతలు గీస్తుంది, పక్కన పువ్వులు వేస్తుంది. తెలుగు పేజీ వైపు చూడదు. ఏడాది చివరికి కూడా అవి మడత పడకుండా, కొత్త కాగితం వాసన పోకుండా ఉంటాయి. ఆ పేజీలు నావి అనుకుంటాను.

మొన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక అలాగే తిరగేస్తున్నాను. నాలుగు పలకల బొమ్మ ఒకటి, ఒక మూల నుంచి ఎదురు మూలకి వాలుగా ఒక గీత. పక్కన రాసి ఉంది, కర్ణం అని. కళ్ళద్దాలు తీసి పమిటతో తుడుచుకుని మళ్ళీ చదివాను. కర్ణమే.

"ఇదేటే ఇది?" అని పిల్లని పిలిచాను.

"డయాగ్నల్, అమ్మమ్మా."

"ఇక్కడ కర్ణం అనుంది."

"ఏదో ఒకటిలే. మా మేడమ్ డయాగ్నల్ అంటాది."

"కర్ణమంటే ఏటో తెలుసా?"

"పరీక్షలో అడగరు." అని లేచిపోయింది.

దానికి చెబుదామనుకున్నాను. ఓపిక లేకపోయింది. ఆ మాట చెప్పాలంటే దొడ్డి దగ్గర మొదలెట్టాలి, గానుగ చెప్పాలి, అత్తని చెప్పాలి. ఈ కాలపు పిల్లలు అంతసేపు కూర్చోరు. నాకూ ఇప్పుడు ఎక్కువసేపు మాట్లాడితే ఆయాసం వస్తోంది. కాగితం మీదైతే ఆగి ఆగి చెప్పుకోవచ్చు, మధ్యలో ఎవరూ లేచిపోరు.

మాది అనకాపల్లి చుట్టుపక్కల ఊరే. చెరకు ఊరు. ఇప్పుడు అక్కడికి ఆటోలు పోతున్నాయి, చెరకు చేలు కొన్ని ప్లాట్లయ్యాయి, రాళ్ళు పాతి రంగులేశారు. నా చిన్నప్పుడు ఊరి చివర మాకొక దొడ్డి ఉండేది. నాలుగు పలకలుగా, కొలిచి కోసినట్టు ఉండేది. ఒక మూల నుయ్యి. దాని ఎదురు మూల బెల్లం వండే పొయ్యి. పొయ్యంటే ఇంట్లో పొయ్యి కాదు, మనిషి దిగి కూర్చోవచ్చు దాంట్లో. దాని మీద ఇనప పెనం. ఆ పెనంలో మేము పిల్లలం ఒకేసారి స్నానం చేయవచ్చు, అంత పెద్దది. మధ్యలో మా అత్త ఇల్లు.

చెరకు నరుకుడు మొదలైతే మేము ఇంటికి పోయేవాళ్ళం కాదు. అక్కడే తిండి, అక్కడే ఆట. ఎద్దులు గానుగ చుట్టూ తిరుగుతుంటే వెనకాల కూర్చుని తిరిగేవాళ్ళం. పొయ్యిలో ఎండు పిప్పి మండే వాసన ఒకటి, పాకం మీద మురికి తేలడానికి బెండమొక్కల జిగురు పోసినప్పుడు వచ్చే పచ్చి వాసన ఒకటి, పాకం దగ్గరపడ్డాక వచ్చే వాసన ఇంకొకటి. ఆ మూడోది వచ్చిందంటే ఊళ్ళో ఉన్న పిల్లలు కూడా పరిగెత్తుకొచ్చేవాళ్ళు. చిలగడదుంప తాడుకి కట్టి ఉడుకుతున్న పాకంలోకి వదిలేవాళ్ళం. మా అయ్య చూస్తే తిట్టేవాడు. చూడనట్టు పోయిన రోజులూ ఉన్నాయి. చెరకు గడ చివర పాకంలో ముంచి, ఊది, నాకేవాళ్ళం. నా పెదవి మీద ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది, ఊదకుండా నాకినందుకు.

అత్త అంటే మా అయ్యకి అక్క. ఆవిడకి పెళ్ళయింది, మనిషి పోయాడు, పిల్లల్లేరు, పుట్టింటికి తిరిగొచ్చింది. ఊళ్ళో పెద్దింట్లో ఉండమంటే ఉండలేదు. దొడ్డి మధ్యలో తాటాకుల ఇల్లు ఒకటి వేయించుకుంది. "అక్కడ్నుంచయితే నుయ్యీ కనపడతాది, పొయ్యీ కనపడతాది" అనేది. ఇద్దరు తమ్ముళ్ళనీ ఆవిడే ఎత్తుకు పెంచింది. మా అయ్యని పెద్దోడా అనేది, చిన్నాన్నని సిన్నోడా అనేది. వాళ్ళకి మీసాలు నెరుస్తున్నా అలాగే అనేది. రాగుల్ని మా వైపు చోళ్ళంటారు, గానుగ దగ్గర పనిచేసేవాళ్ళందరికీ ఆ చోడి అంబలి కాచేది. అందులోకి నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఆ చేపలు పూడిమడక నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ తెచ్చేది. ఆవిడా అత్తా కూర్చుంటే అంబలి చల్లారిపోయేదాకా నవ్వుకునేవాళ్ళు. ఏం నవ్వుకునేవారో మాకు చెప్పేవారు కాదు.

తర్వాత దెబ్బలాట వచ్చింది. ఎందుకంటే ఏం చెప్పను. చిన్నాన్నకి ఇంజిన్ కావాలి. ఎద్దులతో ఎన్నాళ్ళు, ఇంజిన్ పెడితే చెరకు గబగబా ఆడేస్తుంది అనేవాడు. మా అయ్యకి ఇంజిన్ అంటే పడదు. దాని రొదకి ఎద్దులు బెదురుతాయి, పాకానికి కిరసనాయిలు వాసన వస్తుంది అనేవాడు. పైకి అదీ కారణం. లోపల ఇంకేవో ఉంటాయి, అన్నదమ్ములన్నాక ఉంటాయి. ఆడవాళ్ళు కూడా ఒకరి పక్కన ఒకరు గిన్నెలు తోముకోవడం మానేశారు. అప్పుడు దొడ్డి పంచుకోవాలన్నారు.

ఎలా పంచినా కుదరలేదు. అడ్డంగా కోస్తే ఒకరికి నుయ్యి పోతుంది, ఒకరికి పొయ్యి పోతుంది. నిలువుగా కోసినా అంతే. నీళ్ళు లేని పొయ్యి ఎందుకు, పొయ్యి లేని నుయ్యి ఎందుకు? పెద్దమనుషులు వచ్చారు, చుట్టలు కాల్చారు, వెళ్ళారు. ఆఖరికి మా ఊరి బడి మాస్టారిని పిలిచారు. మంచివాడే. గట్టిగా మాట్లాడేవాడు కాదు. ఆయనతో పాటు ఊరి కరణంగారు కూడా వచ్చాడు, పొలం హద్దులు ఆయనకి తెలుసు కాబట్టి. మా ఊళ్ళో కరణం అని ఎవరూ అనలేదు ఎప్పుడూ. కర్నంగారు అనేవాళ్ళం. ఆయనకి చెవి సరిగా వినపడదు. చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోసుకుని దూది పెట్టుకునేవాడు. ఆయన వస్తుంటే ముందు ఆ వాసన వచ్చేది.

మాస్టారు ఒక పుల్ల తీసుకుని నేల మీద నాలుగు పలకలు గీశారు.

"ఇది మీ దొడ్డి. ఇదిగో నుయ్యి, ఇదిగో పొయ్యి. మీరు నిలువూ అడ్డమే చూస్తున్నారు. నుయ్యి మూల నుంచి పొయ్యి మూలకి ఐమూలగా కోస్తే? ఇద్దరికీ సగం నుయ్యి, ఇద్దరికీ సగం పొయ్యి. భూమి కూడా సమానం. చీమంత తేడా రాదు."

మా అయ్య నేల వైపు చూశాడు. చిన్నాన్న చూశాడు. ఇద్దరూ ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే.

గీత కొట్టడానికి, అంటే బిగలాగి వదిలితే నేల మీద గీత పడేటట్టు, తాడు తెచ్చి ముగ్గుపిండిలో దొర్లించారు. మా కంబారి, అంటే మా దగ్గర ఏడాది పొడుగునా పనిచేసే మనిషి, నుయ్యి దగ్గర ఒక కొస పట్టుకున్నాడు. పొయ్యి దగ్గర చిన్నాన్న రెండో కొస పట్టుకున్నాడు. కర్నంగారు నులకమంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. మాస్టారు చెయ్యెత్తి అన్నారు.

"ఊఁ, ఇంక కర్ణం కొట్టండి!"

కంబారి తాడు వదిలేశాడు.

"ఎవుర్నండీ?"

"కర్ణం రా. కర్ణం కొట్టమంటే అలా చూస్తావేం?"

"కర్నంగార్నా? నానా?" అని వాడు మంచం వైపు చూశాడు. వాడిది తాటిచెట్టంత మనిషి. మొహం పాలిపోయింది. "ఆయనేటి సేసేడు బాబూ? పాపం, ఇంకా మజ్జిగైనా అవలేదు."

కర్నంగారు చెవిలో దూది సర్దుకున్నాడు. "ఏవిటీ? నన్నేదో అంటున్నారు?"

చిన్నాన్న అటు కొస నుంచి అరిచాడు. "మిమ్మల్ని కొట్టమంటన్నారు బాబూ, మేస్టారు!"

"కట్టమన్నారా? కట్టండి, కట్టండి. ఎండెక్కుతోంది."

ఇంక చూడండి. దొడ్డంతా నవ్వు. మా అయ్య నవ్వాడు, అటు చిన్నాన్న నవ్వాడు. ఆడవాళ్ళు పమిట నోట్లో పెట్టుకుని గుంజకి ఆనుకున్నారు. పాపం మాస్టారు కూడా నవ్వి, కూర్చుని విడమరిచి చెప్పారు. కర్ణమంటే ఊరి కరణం కాదట, చెవి అట. సంస్కృతమట.

"చెవికీ దీనికీ ఏటి బాబూ సమ్మందం?" అన్నాడు మా అయ్య.

"మీ పెనానికి చెవులున్నాయా లేదా?"

"ఉన్నాయి."

"ఈ చెవి నుంచి ఆ చెవికి కర్ర దూర్చి ఎత్తుతారా లేదా?"

"ఎత్తుతాం."

"అదే మరి. పలకకి మూలలే చెవులు. ఈ చెవి నుంచి ఆ చెవికి పోయే గీత కాబట్టి దాన్ని కర్ణం అన్నారు. మీరు ఐమూల అంటారు, పుస్తకంలో కర్ణం అంటారు."

ఇది నిజమో, ఆయన అప్పటికప్పుడు మా బుర్రకి ఎక్కేటట్టు కల్పించి చెప్పాడో నాకు ఇప్పటికీ తెలీదు. తర్వాత నేను చాలామందిని అడిగాను. పడవ నడిపే చుక్కానిని కూడా కర్ణమంటారని ఒకాయన చెప్పాడు. మూల అనేది చెవిలా పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టే ఆ పేరొచ్చిందని ఇంకొకాయన చెప్పాడు. ఐమూల మాటకైతే ఎవరూ సరిగా చెప్పలేదు. ఐ అంటే ఐదు కదా, నాలుగు మూలలున్నదానికి ఐదో మూల ఎక్కడిది అంటే నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు ఇవేవీ లేవు. మా వీధిలో టైల్సు వేసేవాడు క్రాస్ అంటాడు, జాకెట్టు కుట్టే అమ్మాయీ క్రాస్ అంటుంది, మనవరాలు డయాగ్నల్ అంటుంది. గీత అదే.

నాకైతే ఆ రోజు నుంచీ అది కర్నంగారి గీతే. మాస్టారు చెవి అని చెప్పినా నమ్మక, ఆయన కూర్చున్నాడు కాబట్టే ఆ పేరు పెట్టారని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను. నలభై దాటాక, పిల్లల పెళ్ళిళ్ళయ్యాక, సాయంత్రం పూట పెద్దవాళ్ళ బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడ పంతులమ్మ పలక మీద రెండు మాటలూ పక్కపక్కన రాసింది. ణ పక్కన నిలబడితే ఊరి కరణం. అదే ణ, ర కాళ్ళ కిందికి దిగితే చెవి. ఇంతే తేడా. ఇంత చిన్న తేడాకి మా కంబారి ఒక పెద్దమనిషిని కొట్టాలేమోనని హడలిపోయాడు. నేను పలక పట్టుకుని నవ్వాను. పంతులమ్మకి ఎందుకో తెలీక తనూ నవ్వింది.

ఆ నవ్వులో పడి మేము ఒకటి చూసుకోలేదు.

తాడు మళ్ళీ పట్టుకుని లాగితే మధ్యలో ఆగిపోయింది. అత్త ఇల్లు అడ్డం. ఆ మూల నుంచి ఈ మూలకి తిన్నగా గీస్తే దొడ్డి నడిమధ్యలోంచి పోవాలి. నడిమధ్యలో అత్త ఇల్లుంది. ముందు గుమ్మం ఎలాగూ తెరిచే ఉంది. వెనక తడికలో నాలుగు తాటాకులు పీకి కన్నం చేసి, తాడు అందులోంచి తీశారు. లాగి వదిలారు. ఠప్పున పడింది. నుయ్యి దగ్గర మొదలై, అత్త గుమ్మంలోంచి లోపలికెళ్ళి, చాప మీదుగా, ఉప్పుకుండ పక్కనుంచి, వెనక కన్నంలోంచి బయటికొచ్చి పొయ్యి దాకా తెల్లటి గీత.

అత్త అప్పటిదాకా అందరికీ మజ్జిగ పోస్తూ తిరుగుతోంది. ముంత పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇదేట్రా, నా సాప మీద ముగ్గెట్టేరు?"

"గీతప్పా. మద్దిలోంచి ఎల్లింది. మనమేటి సేత్తాం?" అన్నాడు మా అయ్య. మా వైపు అక్కని అప్ప అంటారు.

"అయితే నానే యేపు పడుకోవాలి?"

మా అయ్య మాస్టారి వైపు చూశాడు. మాస్టారు సర్దిచెప్పబోయారు. "నీకేంటమ్మా, రెండు వైపులా నీవే. తమ్ముళ్ళిద్దరూ నీ వాళ్ళే కదా."

"రెండేపులా నాదే అయితే మరి గీతెందుకు మేస్టారూ?"

మాస్టారు చేతిలో పుల్లతో నేల గీకారు. కర్నంగారు మాత్రం "ఏమంటోంది, ఏమంటోంది?" అని పక్కవాడిని పొడిచాడు. పక్కవాడు చెప్పలేదు.

అత్త ముంత కింద పెట్టింది. "ఇందాక మజ్జిగ పోత్తా ఇన్నాను. కర్నమంటే సెవన్నారు. సెవైతే ఇనాల గదా. ఇంత పొడుగు సెవి గీసేరు, నన్నొక మాట అడగాలని ఒకలికీ తోచలేదు."

కోపంగా అనలేదు. అదే నాకు గుర్తు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పి, చీపురు తీసుకుని చాప మీది ముగ్గు ఊడ్చేసింది. ఇంటి లోపలున్నంతవరకే ఊడ్చింది. బయటిది ముట్టుకోలేదు.

ఆ కాలంలో ఆడపడుచుకి వాటా అనే మాట మా ఇళ్ళల్లో పుట్టలేదు. అడగొచ్చని అత్తకి తెలీదు. తెలిసినా అడిగేది కాదేమో. ఆవిడ అడిగింది ఒకటే, ఆ ఇంట్లో ఉంటానని. దానికి ఇద్దరూ తలూపారు. ఎవరి భూమిలో ఉంటుందో మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

వారం తిరక్కుండా దడి వేశారు. తాటికమ్మలు పాతి నుయ్యి వైపు నుంచి ఒకటి, పొయ్యి వైపు నుంచి ఒకటి తెచ్చారు. రెండూ వచ్చి అత్త ఇంటి దగ్గర ఆగాయి, ముందుది గుమ్మానికి అటు పక్కన, వెనకది కన్నానికి ఇటు పక్కన. దాంతో మాకూ వాళ్ళకీ మధ్య దారి ఒక్కటే మిగిలింది, అత్త ఇల్లు. వెనక తడికకి పెట్టిన కన్నాన్ని అత్త ఇంకాస్త కోసి గుమ్మం చేసింది. ముందు గుమ్మం మా వైపు, వెనక గుమ్మం వాళ్ళ వైపు.

పూడిమడక చేపలావిడ గంపతో వచ్చి చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇదేటమ్మా, ఇల్లా, రైలు గేటా?"

"గేటే. రైలు ఒకటే తక్కువ" అంది అత్త.

"మరి నువ్వు జెండా ఊపుతన్నావేటి?"

"ఊపుతన్నాను. ఒకలూ ఆగట్లేదు."

ఆ చెరకు కాలమంతా మేము ఆ గేటులోనే బతికాం. మేమంటే నేనూ, చిన్నాన్న కూతురూ. మాకు ఒకే ఈడు. పెద్దవాళ్ళు మాట్లాడుకోకపోతే పిల్లలు కూడా మాట్లాడుకోకూడదని మాకు ఎవరూ చెప్పలేదు, కానీ తెలుసు. అందుకని అత్త ఇంట్లో కలుసుకునేవాళ్ళం. అది అటు కూర్చునేది, నేను ఇటు. మధ్యలో గవ్వలు. పొయ్యి వంతుల మీద నడిచేది. కొన్నాళ్ళు మా పాకం, కొన్నాళ్ళు వాళ్ళ పాకం. వాళ్ళ వంతు వచ్చినప్పుడు అది ఆకులో వేడి బెల్లం దొంగిలించి తెచ్చేది, మా వంతప్పుడు నేను తెచ్చేదాన్ని. చిన్నాన్న తన వైపు ఇంజిన్ పెట్టుకున్నాడు, కిరసనాయిలు వాసన వస్తుందేమోనని నేను వాళ్ళ బెల్లం మూడు నాలుగు సార్లు వాసన చూసేదాన్ని. రాలేదు. ఆ సంగతి మా అయ్యకి చెబితే నన్ను ఒక చూపు చూశాడు.

ఇద్దరం అత్తని అడిగేవాళ్ళం, ఎవరిది బాగుంది అని.

"రెండూ ఆ నూతి నీల్లే, ఆ మన్ను సెరుకే. నోరు మూసుకుని తినండే గుంటల్లారా."

కానీ మెల్లమెల్లగా మారిపోయింది. మా అమ్మ అనడం మొదలెట్టింది, "వదిన మన మాటలు అటు మోత్తంది" అని. అటు చిన్నమ్మ కూడా అదే అనేదని చిన్నాన్న కూతురు చెప్పింది. అత్త ఎవరి మాటా మోయలేదు. ఆవిడకి మోయడానికి ఎవరూ ఏమీ చెప్పేవాళ్ళే కాదు. ఇదివరకు ఆవిడ వండితే అందరూ తినేవాళ్ళు. ఇప్పుడు ఎవరి వంట వాళ్ళది. అత్తకి అటు పెడతారని మావాళ్ళు అనుకునేవారు, ఇటు పెడతారని వాళ్ళు అనుకునేవారు. చాలా రోజులు ఆవిడ చోడి అంబలితోనే గడిపింది. నేను అన్నం తీసుకెళితే "తిన్నానే" అనేది. ఏం తిన్నావంటే చెప్పేది కాదు.

మొన్న ఆ లెక్కల పుస్తకంలో కింద ఒక వాక్యం రాసి ఉంది. కర్ణం చతురస్రాన్ని రెండు సమాన భాగాలుగా చేస్తుంది అని. వేలు పెట్టుకుని రెండుసార్లు చదివాను. నిజమే. మాస్టారు అబద్ధం చెప్పలేదు, చీమంత తేడా రాలేదు. అయితే పుస్తకంలో పలక లోపల తెల్ల కాగితమే ఉంటుంది. గీత ఎటు పోయినా ఎవరికీ తగలదు. మా దొడ్డి తెల్ల కాగితం కాదు.

చెరకు అయిపోయింది. పొయ్యి చల్లారింది. దిమ్మలన్నీ బండ్ల మీద అనకాపల్లి వెళ్ళిపోయాయి. ఒక ఉదయం చిన్నాన్న దడి దగ్గరికొచ్చి "అన్నా" అని పిలిచాడు.

పంపకం అయ్యాక ఆ పిలుపు వినడం అదే మొదలు. నేనూ చిన్నాన్న కూతురూ అత్త ఇంట్లో గవ్వలాడుతున్నాం. అత్త నూకలు చెరుగుతోంది. చేట ఆపేసింది. మా అయ్య వెళ్ళాడు. దడికి అటొకరు, ఇటొకరు. ముందు దగ్గారు. తర్వాత వానల సంగతి మాట్లాడుకున్నారు. చిన్నాన్న చుట్ట వెలిగించి దడి మీంచి అందించాడు. మా అయ్య రెండు దమ్ములు లాగి తిరిగిచ్చాడు. తర్వాత ఏదో అనుకుని ఇద్దరూ నవ్వారు.

మేము ఏదో అనబోతే అత్త వేలు పెదవి మీద పెట్టింది. ఆవిడ మొహం అలా వెలగడం ఆ ఏడాది అంతకుముందు నేను చూడలేదు.

"ఉస్సు. మాటాడుకుంటన్నారే" అంది చిన్నగా. "ఇనండి. సిన్నోడు నవ్వితే అచ్చం మా నాయనే."

కాసేపటికి మా అయ్య పిలిచాడు. "అప్పా, ఓసారి బయటికి రా."

ఆవిడ జుట్టు ముడి వేసుకుని, పమిట సర్దుకుని, ఏదో పండక్కి పోతున్నట్టు వెళ్ళింది. వెనకాల మేము.

"ఇల్లు అడ్డమై బండికి దారి లేదప్పా, ఇటు నాకూ, అటు తమ్ముడికీ" అన్నాడు మా అయ్య. ఆవిడ మొహం చూడలేదు, నేల చూశాడు. "పిప్పి ఎండెట్టడానికి జాగా లేదు. ఈ ఇల్లు తీసేద్దారనుకుంటన్నాం ఇద్దరం."

"నువ్వు మాకాడుందువు అప్పా" అన్నాడు చిన్నాన్న. "కొన్నాల్లు మాకాడ, కొన్నాల్లు అన్నకాడ. పొయ్యి మాదిరే. వంతులు."

అత్త ఒకసారి వాడి వైపు, ఒకసారి వీడి వైపు చూసింది.

"దీని గురించేనా నవ్వుకున్నారు?"

"అదేటప్పా" అన్నాడు మా అయ్య.

"ఏటీ లేదు. పోనీ, మాటాడుకున్నారు. అదే సాలు."

ఏడవలేదు. లోపలికెళ్ళి ఉప్పుకుండ, చేట, చాప, రెండు గిన్నెలు బయట పెట్టింది. తాటాకులు తనే విప్పడం మొదలెట్టింది. ఆకులు పాతవి, ముట్టుకుంటే పొడి రాలుతోంది, పొగ వాసన. ఆ పొగ మా అందరి అంబలిదీ. ఆకులన్నీ దింపాక ఇంటి వెన్నుగర్ర ఒకటి మిగిలింది. తాటి దూలం, బరువు. మా అయ్య ఒక కొస, చిన్నాన్న ఒక కొస పట్టుకుని ఎత్తారు. ఆ పంపకం తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ఎత్తిన బరువు అదొక్కటే.

ఎత్తాక నిలబడిపోయారు. ఎటు దింపాలో తెలీలేదు. ఇటు దింపితే మా కర్ర, అటు దింపితే వాళ్ళ కర్ర.

"ఏ యేపెట్టమంటావప్పా?" అన్నాడు చిన్నాన్న.

"నా నెత్తినెట్టండి" అంది అత్త.

ఇద్దరూ నవ్వారు. సరదాకి అందనుకున్నారు. మేము పిల్లలం కూడా నవ్వాం.

దూలాన్ని గీత మీదే, అటూ ఇటూ కాకుండా నేల మీద పెట్టారు. పొద్దు వాలకముందే రెండు దడుల మధ్య ఖాళీకి కొత్త తాటికమ్మలు పాతి కలిపేశారు.

ఆ రాత్రి అత్త మా ఇంట్లో పడుకుంది. మర్నాడు అనకాపల్లి వెళతానంది. బెల్లం మార్కెట్టులో ఒక షావుకారు గోడౌన్లో ఆడవాళ్ళని పనికి పెట్టుకుంటున్నారట, దిమ్మలకి గోనె చుట్టడానికి. అక్కడే ఒక మూల పడుకోవచ్చట. చేపలావిడ చెప్పిందట. "ఇప్పుడెందుకప్పా, ఊల్లో ఏటనుకుంటారు" అని మా అయ్య రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు.

పొద్దున్నే మూట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. నేను దొడ్డి దాటేదాకా వెంట నడిచాను. మంచు ఇంకా విడలేదు. కోసిన చెరకు చేలల్లోంచి ఎండుటాకు వాసన వస్తోంది. దారి మలుపు దగ్గర ఆగి, ఇంక వెళ్ళమంది.

"మళ్ళీ ఎప్పుడొత్తావత్తా?"

"వత్తానే గుంటా. వత్తాను గాని, ఎటేపు రమ్మంటావు?"

నేను వెనక్కి తిరిగి దొడ్డి వైపు చూశాను. ఎక్కడా వంకర లేదు. నుయ్యి మూల నుంచి పొయ్యి మూల దాకా దడి, గీసినట్టు తిన్నగా ఉంది. తిరిగి చూసేసరికి అత్త మలుపు దాటిపోయింది.